రెండు వాటాల ఎలుగు మాంసం

జపాను ఉత్తరాన, మంచు కరుగుతున్న కొండపల్లెలో, వేటగాళ్ల నాయకుడు ఎలుగు మాంసం మూట తెచ్చి గడపలో పెట్టాడు. ఆ వేటలోనే భర్తను పోగొట్టుకున్న ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

"మీ ఆయన తొకుజి వాటా తెచ్చానమ్మా. కొండెక్కినవాడు తిరిగి రాకపోయినా వాటా ఇంటికి చేరాల్సిందే కదా."

"పెద్దయ్యా, మూట ఇంత బరువుందేంటి?"

"ముసలి ఎలుగు. ముల్లంగి వేసి, పులిసిన సోయా ముద్ద మిసో కలిపి బాగా ఉడకనివ్వు."

"వండటం నాకు నేర్పకండి. కాల్చినవాడికైనా, కేకలేసి అదిలించినవాడికైనా మనలో వాటా ఒక్కటే. గోరంత తేడా రాదు. ఇందులో రెండున్నాయి. రెండోది ఎవరిది?"

"మా అబ్బాయిది. వద్దన్నాడు."

"హరువోనా? ఎలుగంటే లొట్టలేసేవాడు, ఎందుకు వద్దన్నాడు?"

"గొంతు దిగడం లేదట."

ఆమె చేతిలో గరిటె ఆగింది.

"మా ఆయన కాలు జారి లోయలో పడ్డాడన్నారు. శవపెట్టె మూత తియ్యనివ్వలేదు."

"పొగమంచమ్మా. పొదలో ఏదో కదిలితే ఎలుగనుకుని మావాడు పేల్చాడు. కావాలని చేసింది కాదు."

"మీకందరికీ తెలుసా?"

"వేటకొచ్చిన అందరికీ తెలుసు."

"తెలిసే పంచుకుని తిన్నారు."

ఆమె మూట విప్పి, మాంసమంతా కుండలో వేసింది.

"హరువోని పంపండి. వాడి వాటా నా ఎదురుగా కూర్చుని తినాలి."

"వాడి వల్ల కాదమ్మా."

"మీ అందరికీ గొంతు దిగిందిగా. వాడికీ దిగుతుంది."