దారి తప్పిన మిరపకాయలు

స్త్రుమిత్సా ఊళ్లో, కాల్చిన మిరపకాయలతో చేసే ఐవార్ పచ్చడి ఫ్యాక్టరీలో, కొత్త కంప్యూటర్ ముందు యజమానీ, సరుకు రాకపోకలు చూసే అమ్మాయీ మాట్లాడుకుంటున్నారు.

"సార్, మిరపకాయల లారీ ఇంకా రాలేదు."

"సాయంత్రానికి స్కోప్యే దుకాణాలకు సీసాలు వెళ్లకపోతే బేరం పోతుందమ్మా! లారీ ఎక్కడుందో ఈ యంత్రం చెప్పదూ?"

"చెప్పింది సార్. మీకెలా చెప్పాలో నాకే తెలీడం లేదు."

"నసగకుండా చెప్పు."

"మీ ఇంటి ముందుంది."

"మా ఇంటి ముందా!"

"డ్రైవర్ని అడిగితే, మీ అమ్మగారు ఆపారట. డ్రైవర్ బ్లగోయని భోజనానికి కూర్చోబెట్టి, సరుకంతా దింపించేశారు. వీధిలో ఆడవాళ్లంతా చేరి, సొంతంగా ఐవార్ చేసుకోడానికి కాయలు కాల్చడం మొదలెట్టారట."

"అమ్మకి మన ఐవార్ నెలనెలా పంపుతూనే ఉన్నాను కదా!"

"ఆ సీసాలు మూత కూడా తియ్యలేదట సార్. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నారట."

"సరే, లారీ రాకపోతే కాయలు ఎక్కణ్నుంచి తేవాలో ఆ యంత్రాన్నే అడుగు."

"అడిగాను. అన్నిటికన్నా దగ్గర్లో సరుకున్నది మీ అమ్మగారి దగ్గరేనంటోంది."

"అయితే ఫోన్ చెయ్యి. ఎంతడిగితే అంతిస్తానను."

"చేశాను సార్. డబ్బులొద్దట. సగం కాయలు వెనక్కిస్తారట. కాకపోతే ముందు సీసాల మీద 'మా అమ్మ చేతి రుచి' అన్న ముక్క తీసెయ్యమన్నారు."