వైరు పెట్టని గిటారు

రేపల్లెలో ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి వచ్చి భోజనం చేశాక ఆయన వెనక గదిలో తలుపు దగ్గరికి వేసుకుని, గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. మూడు నెలల్లో మొదటిసారిగా భార్య ఆ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

“శనివారం శనివారం ఆఫీసు పనని తెనాలి బండెక్కేది దీనికా?”

“యాభై రెండేళ్లొచ్చాక గిటారేంటని నవ్వుతావని చెప్పలేదు.”

“నేర్చుకునేవారు మామూలుది కొనుక్కోవచ్చుగా. ఈ కరెంటు గిటారు దేనికి?”

“స్పీకరుకి వైరు తగిలించకపోతే దీని చప్పుడు హాల్లోకి రాదు.”

“నాకు వినపడకూడదనా?”

ఆయన తీగల మీద అరచెయ్యి ఆనించాడు. గొంతు ఆపరేషన్ అయ్యాక ఆవిడకి మాట తిరిగొచ్చింది గానీ పాట రాలేదు. ఇరవై ఏళ్లు క్వయర్లో ముందు నిలబడి పాడిన మనిషి, ఇప్పుడు చర్చిలో చివరి బెంచీ మీద కూర్చుంటోంది.

“నువ్వు పాడే పాటే నేర్చుకుంటున్నా. వింటే బాధపడతావని.”

“తెలుసు.”

“ఎలా తెలుసు?”

“గిటారు వినపడదు. దాంతోపాటు మీరు తీసే కూనిరాగం హాలంతా వినపడుద్ది.”

“నేను కూనిరాగం తీస్తున్నానా?”

“రోజూ. రెండో చరణం సగంలో ఆపేస్తారు.”

“అక్కడ వేళ్లు అందవు.”

“మూడు నెలల్నించి మీతోపాటు లోపల్లోపల పాడుకుంటూ, మీరాగిన చోటే నేనూ ఆగిపోతున్నా. ఆ వైరు పెట్టండి. వేళ్లు అందకపోయినా ఆగకండి. ఇవాళైనా నన్ను చివరిదాకా పాడనివ్వండి.”