ముందువైపే ఇనుము

కొంటా దగ్గర శబరి రేవు. అవతలి ఒడ్డు పోలీసు క్యాంపుకు బియ్యం, మనుషుల్ని దాటించే కొత్త ఇనుప పడవకు ప్రారంభోత్సవం దండలు కడుతున్నారు. సుక్మా కాలేజీలో చరిత్ర చెప్పే కమలాకుమారితో ఆమె తమ్ముడు, ఆ పడవ కట్టించిన కాంట్రాక్టరు చెన్నకేశవులు మాట్లాడుతున్నాడు.

“మైకుల రెండే రెండు నిమిషాలక్కా. ఇనప ఓడలు ఎట్ల పుట్టినయో చెప్పు, చాలు. సాహెబ్‌లు ఖుషీ అయితరు.”

“చెప్తలే. మొదలు ఫ్రాన్సోళ్ళు తెప్పల్లాంటి ఓడలకు ఇనుము తొడిగి రష్యా కోట మీదికి తోలిండ్రు. తగిలిన గుండ్లే ఎగిరిపోయినయి.”

“ఆఁ, గదే! గుండ్లు ఎగిరిపోయినయి. గది గట్టిగ చెప్పు.”

“ఆ తర్వాత పెద్ద చెక్క ఓడకే నాలుగున్నర అంగుళాల పలక తొడిగిండ్రు. ఏడాదికి ఇంగ్లీషోళ్ళు ఓడ మొత్తం ఇనుముతోనే కట్టిండ్రు. పలక వెనక మూరెడు మందం టేకు.”

“టేకా? మన టేకు లాంటిదేనా?”

“టేకు టేకే. ఇనుము పగిలినా గుండు కట్టెలో చిక్కాలని... ఆగు. ఇదేంది? పడవ ముందు కొడితే ఖంగుమన్నది, ఈ పక్క కొడితే డబడబ మంటుంది?”

“ఏం లే. రంగు మందంగ పడ్డది.”

“రంగు మోగుతదా?”

“ఎండగుందక్కా, పద, శామియానల కూసుందాం.”

“గోటితో గీకితే నూనె కంపెనీ బొమ్మ కనబడ్తుంది కేశవులూ. డబ్బా రేకా ఇది?”

“మెల్లగక్కా! ముందువైపంతా అసలు పలకే. టెస్టింగ్‌ల ఆడనే తుపాకి పేల్చిండ్రు. బొక్క పడలే.”

“మరి పక్కలు? వెనక?”

“వెనక ఎవరుంటరు? పడవోళ్ళే గద.”

“ఛీ.”

“ఈ ఏట్ల ఇప్పుడెవడు కాలుస్తున్నడక్కా?”

“ఎవడూ కాల్చకపోతే ఇనుమెందుకు అడిగిండ్రు?”

“అడిగిండ్రు, ఇచ్చిన.”

“ఇయ్యలే. ఆ కాలంల పలక ఒప్పుకునే ముందు దాని మీద ఫిరంగులే పేల్చి చూసేటోళ్ళు. చెక్క ఓడల్ల వందల మంది కాలి, మునిగి చచ్చినంక వచ్చిన బుద్ధి అది. నువ్వు దానికి రంగేసినవ్. నీ పక్కన నిలబడ సిగ్గుగుంది నాకు.”

“అమ్మా, దండాలు. నేను ముయాను, పడవ నడిపేటోన్ని. మాది భేజ్జి. ఒక్క మాట అడగాలె.”

“అడుగు ముయా.”

“కాల్పులైతే రేకు చాటున వంగి కూసోమన్నరు. నా పెండ్లాం సన్నే గూడ సామాన్లు ఎత్తనీకి వస్తది. అదిగో, అప్పుడే ఎక్కి కూసున్నది. ఆమెను ఏ పక్కకు ఉండమనాలె?”

“చెప్పు తమ్ముడూ. నువ్వే చెప్పు. ఏ పక్కకు?”

“ముయా, నువ్వు బో. దండలు కట్టు, బో.”

“పోవద్దు ముయా, ఇక్కడే ఉండు. కేశవులూ, పడవ మొత్తం గట్టి పలకే అని ఏ గాడిద రాసిచ్చిండు?”

“గదంత ఇప్పుడెందుకు?”

“పేరు చెప్పు. మైకుల ఆ పేరే చదువుత.”

“వద్దక్కా.”

“ఎవడా వెధవ? ఇంజనీరా?”

“ఇంజనీరు ఆఖర్ల సంతకం పెట్టిండు. పడవను ఒప్పుకునే కమిటీల బయటి నిపుణులు ఒకలు ఉండాలన్నరు. ఆ సంతకం ఉంటెనే నేను పెడ్త అన్నడు.”

“ఎవరా నిపుణులు?”

“పోయిన నెల ఇంట్ల శాలువ కప్పి, కాగజ్ ఇచ్చిన గద. నిపుణురాలు అని రాసుంటే చూసి నవ్వినవ్. కింద రాసింది చదవకుండనే సంతకం పెట్టినవ్.”

“ఆ కాగజ్ ఈ పడవదా?”

“ఈ పడవదే అక్కా. గట్ల చూస్తవేంది?”

“ముయా, సన్నేను పడవ దింపు. దింపి, ఆ మైకిటియ్యి. నా పేరు చదవాలె.”