దండ ఫోటోకు కాదు, మెడకు

1989 జూన్ 19న హుస్నాబాద్‌లో టైపిస్టుగా ఉద్యోగ ప్రస్థానాన్ని ఆరంభించిన శ్రీమతి స్వరూప గారు, సీనియర్ అసిస్టెంటుగా సిద్దిపేటకు విచ్చేసి, సూపరింటెండెంటు హోదాలో ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. ఒక్క అక్షరం తప్పినా కాగితమంతా మళ్లీ టైపు కొట్టవలసిన రోజుల్లో పని నేర్చినందువల్లనేమో, వేళ్ల కంటే ముందు బుద్ధి కదలాలని వారు తరచూ అనేవారు.

మన కార్యాలయ వాట్సాప్ గ్రూపు బాధ్యత సహజంగానే వారికి దక్కింది. నిజానిజాలు తెలియని కబురు పెడితే ఎంతటివారికైనా చీవాట్లు తప్పేవి కావు. అటువంటి స్వరూప గారే అంత పొరపాటు చేస్తారని మనలో ఎవరనుకున్నారు?

నిరుడు మన అటెండర్ దుబ్బయ్య గారు భోజనానంతరం కుర్చీలో కునుకు తీస్తుంటే, జూనియర్ అసిస్టెంటు మహేందర్ ఫోటో తీసి, దానికి దండ తగిలించి, సరదాకని గ్రూపులో పెట్టారు. కొందరు నవ్వుకున్నారు. దండ మాత్రమే చూసినవారు 'ఓం శాంతి' అన్నారు, వారిని చూసి మరికొందరు. మీటింగులో ఉన్న స్వరూప గారు కూడా జోడించిన చేతుల బొమ్మతో అదే మాట రాసేశారు. మేడమే రాశాక ఇక ఎవరికి అనుమానం? ఆ ఫోటో చేతులు మారి దుబ్బయ్య గారి ఊరు నంగునూరు చేరిపోయింది.

మీటింగు ముగించి కళ్లు తుడుచుకుంటూ గదిలోకి వచ్చిన స్వరూప గారికి ఎదురుగా దుబ్బయ్య గారు!

"మేడం, సంతకాలకు ఫైళ్లు తెచ్చిన."

ఆమె ఫోను తీసి ఆ ఫోటోను అప్పుడు సరిగ్గా చూశారు. అంతలో ఆయన ఫోను మోగింది. ఆఫీసువాళ్లెవరైనా ఎత్తుతారని చేసిన ఆయన భార్య అమృతమ్మ గారు, భర్త గొంతు వినగానే కెవ్వుమన్నారు. ఫోను అందుకున్న పొరుగావిడ, ఆమె సొమ్మసిల్లి పడిపోయిందనీ, వాకిట్లో జనం కూడి ఏడుస్తున్నారనీ చెప్పింది.

గ్రూపులో క్షమాపణ రాస్తానని మహేందర్ పరుగెత్తుకొచ్చి అన్నారు.

"నా చెయ్యి గూడ తప్పు జేసింది మహేందర్. ఫోన్ల జేసిన తప్పుకు మనుషుల ముందట మాఫీ అడగాలె. నడువు" అంటూ ఇద్దరినీ ఆటో ఎక్కించి స్వరూప గారు నంగునూరుకు తీసుకెళ్లారు.

అప్పటికి తేరుకున్న అమృతమ్మ గారు భర్త చేతులు తడిమి తడిమి చూశారు. స్వరూప గారు జనమందరి ఎదుట చేతులు జోడించారు. ఈసారి బొమ్మ కాదు.

"సూడకుంట రాసిన అమృతమ్మా. నన్ను మాఫ్ జెయ్యి."

"నా పుస్తె తెంపనీకి ఒక్క ఏలు సాలాయె గద మేడం!"

ఆ మాట స్వరూప గారిని నేటికీ వదలలేదు, మనల్నీ వదలలేదు. ఆనాటి నుంచి పోయినవారి ఇంటివారితో మాట్లాడనిదే మన గ్రూపులో ఎవరి మరణవార్తా కనిపించదు.

వీడ్కోలు సభకు దండ తానే తెస్తానని అమృతమ్మ గారు కబురంపారు. "ఫోటకు గాదు, మేడం మెడల నేనే ఏస్త. ఎదురుంగ నిలవడి నూరేండ్లు సల్లంగ బతుకుమంట" అన్నారట. స్వరూప గారి శేషజీవితం ఆయురారోగ్యాలతో, మనవల ముద్దుముచ్చట్లతో సాగాలని ఆకాంక్షించే మనమందరమూ, ఆ రోజు ఫోన్లు జేబుల్లో ఉంచి, ఆమె కళ్లలోకి చూస్తూ ఆ మాటే నోరారా అందాం.