ఇసుక వార్త కింద నా పేరు

ఠాణా కాయిదంల గట్ల రాస్తే కాదు రైటర్ సారూ, జర ఆగుండ్రి. పెన్ను కింద పెట్టుండ్రి. మల్ల మొదటి నుంచి చెప్త.

ఆ రోజు పొద్దుగాల ఆరుంబావు. నేను ఇంటి ముందట బండి తుడుస్తున్న. మొఖాలకు దస్తీలు కట్టుకొని ఇద్దరు వచ్చిన్రు. "సామ్యూల్ అంటే నువ్వేనా అన్నా? ఇసుక వార్త మస్తు రాసినవ్" అన్నడు ఒకడు. ఎంత మర్యాదగ అన్నడు! నేను నవ్విన గూడ. పద్నాలుగేండ్ల సంది విలేకరిని, వార్త బాగున్నదని ఇంటికొచ్చి చెప్పినోడు ఒక్కడు లేడు. గందుకే నవ్విన.

అప్పుడు రెండోటోడు అడిగిండు: "మేడం అంగన్‌వాడీకి ఏ తొవ్వల పోతది?"

గంతే. పోయిన్రు. తిట్టలేదు, చెయ్యి లేపలేదు. లోపల నా భార్య తిరుపతమ్మ సద్ది కట్టుకుంటుంది. ఆమెకు చెప్పాల్నా, వద్దా? చెప్పలేదు. "ఇయాల నేను దింపుత" అన్న. "ఎన్నడు లేంది, ఏం తప్పు చేసినవ్?" అన్నది. చూడుండ్రి సారూ, మంచిగ మాట్లాడినా అనుమానమే!

అసలు ఆ వార్త నాది కాదు. నేను తిమ్మాజిపేట రాస్త. బడి పిల్లల కబడ్డీ, చర్చిల పండుగ, నీళ్ల ట్యాంకుకు కొబ్బరికాయ కొట్టిన ముచ్చట. నేను రాసే పేపర్ బంద్ అయినంక వనపర్తిల నడిచే ఒక వెబ్‌సైట్‌కు పంపుతున్న. దొంగతనంగ ఇసుక తోలే ట్రాక్టర్ల వార్త కోడేరుది. కోడేరు విలేకరి శివశంకర్. మరి ఫోన్ల తెరిచి చూస్తే ఆ వార్త కింద ఏమున్నది? "సామ్యూల్, తిమ్మాజిపేట".

మీరైతే ఏమనుకుంటరు?

ఆ, నేను గూడ అదే అనుకున్న. రాసింది వాడు, దెబ్బలకు నన్ను ముందట నిలవెట్టిండు. పోయిన యేడు ప్రెస్ క్లబ్ ఎన్నికల కాడ మా ఇద్దరికి చెడింది. అప్పటి సంది వాని దిక్కు నేను సక్కగ చూడలేదు. ఫోన్ చేసి, ఇంటికెవరు వచ్చిన్రో చెప్పి అడిగిన. "నేను నా పేరే పెట్టి పంపిన గద సామ్యూలన్నా" అన్నడు. నోటికొచ్చినట్టు తిట్టిన. ఠాణాకు పోతున్న అన్న. వాడు చాలసేపు ఏం మాట్లాడలేదు. మాట్లాడకుంటే ఏంది అర్థం? దొరికిండనే గద! ఫోన్ పెట్టేసి, తిరుపతమ్మను దింపి, సీదా ఇక్కడికొచ్చి వాని మీద దరఖాస్తు ఇచ్చిన. మీరే రాసిన్రు.

ఆ దరఖాస్తే వాపస్ తీసుకుంట అంటున్న.

ఏంది సారూ గట్ల చూస్తున్నరు? రాజీ గాలేదు. నాకెవరు పైసలియ్యలేదు. నా మొఖం చూస్తే గట్ల అనిపిస్తుందా? సరే, అనిపిస్తది. మీ జాగల నేనుంటే నాకు గూడ అనిపిస్తుండె.

ఇనుండ్రి. ఆ రోజు ఇక్కడి నుంచి వనపర్తి బస్సెక్కిన. వెబ్‌సైట్ చూసే ఇంతియాజ్‌ది మొబైల్ షాపు మీద గది. "నా పేరు ఎవరు పెట్టిన్రు?" అన్న. ఆయన కంప్యూటర్ నా దిక్కు తిప్పిండు. విలేకరులు పంపిన వార్తలన్ని ఒక ఫైల్‌ల ఉంటయి, దాన్ని ఎక్స్ఎంఎల్ అంటరంట. ఒక్కో వార్తకు ఒక్కో డబ్బా. దాని లోపల మల్ల చిన్న డబ్బాలు. ఒకదాంట్ల హెడ్డింగు, ఒకదాంట్ల ఊరు, ఒకదాంట్ల రాసినోని పేరు. ఏ డబ్బా ఏందో మొదట్ల రాసి ఉంటది, అదే మాటతోటి చివర్ల మూత పెడ్తరు. ఇసుక వార్త డబ్బా మీద వేలు పెట్టి చదివిన. శివశంకర్, కోడేరు. ఉన్నదున్నట్టు ఉన్నది.

"మరి నేనెట్ల వచ్చిన?" అన్న.

"టెంప్లేట్ చూడన్నా" అన్నడు. టెంప్లేట్ అంటే అచ్చు సారూ. ఇటుక బట్టీల చూసిన్రు గద, మట్టి ఏ గుంతదైనా ఆకారం అచ్చుది. గట్లనే, వార్త ఏదైనా పేజీ ఆకారం దీనిది. ముందటి రాత్రే కొత్త అచ్చు పెట్టిండు. హెడ్డింగు కాడ 'ఈ వార్త లోపలి హెడ్డింగు తే' అని మంచిగనే రాసిండు. రాసినోని పేరు, ఊరు కాడికొచ్చే వరకు 'ఈ వార్త లోపల' అనుడు మర్చి, 'ఫైల్ మొత్తంల చూసి పేరు, ఊరు తే' అని రాసిండు. కంప్యూటర్‌కేం తెలుస్తది? మొదలు ఏ పేరు దొరికితే ఆ పేరే తెచ్చింది, ప్రతి వార్తకు. ఫైల్‌ల మొదటి వార్త నా కబడ్డీ.

నేను నమ్మలేదు. నమ్ముతనా? "గిట్ల చెయ్యమని ఎవరన్న చెప్పిన్రా తమ్మీ?" అన్న. ఇంతియాజ్ పేజీ కిందికి జరిపిండు. గద్వాల చీరల ప్రదర్శన, సామ్యూల్. నాగర్‌కర్నూల్ల బస్సు ఆపలేదని ధర్నా, సామ్యూల్. ఫరీదా మేడం రాసిన సొరకాయ హల్వా, దాని కింద గూడ సామ్యూలే! పేజంత నేనే. రాత్రి పెట్టిన పేజీ తెల్లారకముందు ఎవరు చదువుతరు సారూ? ఎవరి గురించి రాస్తమో వాళ్లే చదువుతరు. మరి నేను? ఆ ఒక్క వార్త చూసి ఫోన్ మూసిన. బొటనవేలుతోటి ఇంకింత కిందికి జరపలేదు. ఇదేనా విలేకరి చేసే పని?

"మార్చు" అన్న.

ఆయన కీబోర్డు మీద చెయ్యి పెట్టి ఆగిండు. "ఒక్క లైను అన్నా, నిమిషం పని. గని మార్చంగనే ఇసుక వార్త కింద శివశంకరన్న పేరు కనవడ్తది. రెండు రోజులు ఎవ్వరి పేరు లేకుండ పెడదామా?" అన్నడు.

నాకు తిరుపతమ్మ పోయే తొవ్వ యాదికొచ్చింది. కాలువ గట్టు, రెండు దిక్కుల జొన్న చేన్లు, పిలిస్తే పలికెటోడు ఉండడు. "ఎవరిది వాళ్లకు పెట్టు" అన్న. పెట్టిండు. నా కండ్ల ముందటనే పేర్లన్ని ఎవరి జాగకు అవి పోయినయి.

అవును సారూ, తెలిసే అన్న. అది గూడ రాసుకుంటరా? రాసుకోండ్రి.

ఆనాటి సంది ఆ దస్తీలోల్లు మా గల్లీకి రాలేదు. పేరు మారింది గనక రాలేదనుకున్న. రాత్రి మంచిగ నిద్ర పట్టింది గూడ. ఈ దరఖాస్తు యాదికొచ్చింది గని, ఉండనియ్, వానికి భయమన్న ఉంటది అనుకున్న. ఇంతియాజ్ తప్పు చేసిండు సరే, శివశంకర్ ఫోన్ల ఎందుకు గమ్మున ఉన్నడు? మనసుల ఏదో ఉండబట్టే గద! గట్ల అనుకున్న.

నిన్న బస్టాండు హోటల్ల నాగప్ప కలిసిండు. ఆ ఇసుక ట్రాక్టర్లల్ల ఒకటి నడిపెటోడు, రాయచూరు దిక్కాయన. నా పక్కకొచ్చి కూసున్నడు. ఎవరు పంపిన్రు వీన్ని అని చాయ్ వదిలి లేవబోయిన. "మీ దోస్తు మొండోడు సారూ" అన్నడు.

"ఏ దోస్తు?" అన్న.

నేను తిట్టి ఫోన్ పెట్టేసినంక శివశంకర్ బండి తీసి ఆ ట్రాక్టర్ల ఓనరు ఇంటికి పోయిండంట. వాకిట్ల అందరి ముందట నిలవడి, "ఆ వార్త రాసింది నేను. తిమ్మాజిపేటాయన కబడ్డీలు రాసుకుంటడు, ఆయన జోలికి పోకుండ్రి" అన్నడంట.

ఆ టైముకు నేను ఈ కుర్చీలనే కూసోని ఉన్న సారూ.