చర్చ నడుస్తున్నంతసేపు

లింబాయత్‌లో మరమగ్గాల షెడ్డు కాలి బక్కయ్య పోయి ఇంకా వారం కాలేదు. అతని భార్య, కూతురు టీవీ ముందు కూర్చున్నారు.

“అందరొక్కసారే ఒర్లుతుండ్రు, నాకేం సమజైతలేదు. ఏమంటుండ్రే?”

“తప్పంతా సర్కార్‌దేనంట, అమ్మా. కాదన్నోళ్లను యాంకర్ మాట్లాడనిస్తలేడు.”

“ఇంకో ఛానల్ పెట్టరాదు?”

“అదీ సూసిన. గక్కడ సర్కార్‌ది తప్పే లేదంట. ఉందన్నోళ్ల నోరు మూయిస్తుండ్రు.”

“మీ నాయిన పేరు ఎవలన్న తీసిండ్రా?”

“ఈడ తియ్యలే, ఆడ తియ్యలే.”

తల్లి తెర మీంచి చూపు తిప్పలేదు. కూతురు రిమోట్ అందుకుంది.

“బంద్ చేస్తనే, అమ్మా. వీళ్ల లొల్లి మనకెందుకు?”

“వద్దు బిడ్డా. ఆవాజ్ తీసెయ్యి, సాలు. వాళ్ల ఎనక మీ నాయిన ఫోటో పెట్టిండ్రు. అది పోయేదాంక జర సూస్కోనియ్యి.”