మాది కాదు, మనది

కన్యాస్త్రీల మఠం ఆస్తుల చరిత్ర రాద్దామని వచ్చిన లెక్చరరు తడిసిన గొడుగును గుమ్మం పక్కన ఆనించి, పెద్ద సిస్టరు ఎదుట నోటుబుక్కు తెరిచాడు.

"ఈ తోట ఎవరిది సిస్టర్?"

"మనది నాయనా."

"ఆ బడి?"

"అదీ మనదే. పేదరికం వ్రతం పట్టినవాళ్లం, 'నాది' అనకూడదు."

"'మాది' అనొచ్చుగా?"

"అందులో నువ్వుండవు కదా, పాపం!"

లెక్చరరు ముచ్చటపడిపోయి 'మనది' అని పెద్దక్షరాలతో రాసుకున్నాడు.

"మరి కట్టుబట్టలతో వచ్చిన నలుగురు సిస్టర్లకి వందేళ్లలో ఇంత ఆస్తి ఎలా వచ్చింది?"

"మేం ఎవర్నీ ఏదీ అడగలేదు నాయనా. ప్రార్థనకి వేళైంది, వానేమో తగ్గేలా లేదు. వస్తా మరి."

"సిస్టర్! అది నా గొడుగు! నేనెలా వెళ్లను?"

"నాదంటావేంటి?" అందావిడ గొడుగు విప్పుతూ. "ఇంతసేపూ ఏం రాసుకున్నావు నాయనా?"